బిల్డ్ ఆగిందా? రాయండి: గిట్ లేని చోట స్క్రిప్ట్ ఏం చేయాలి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. కోడ్ బాగానే ఉంటుంది, కంపైలర్ ఉంటుంది. కోడ్‌ను ప్రోగ్రామ్‌గా కట్టే బిల్డ్ స్క్రిప్ట్ మాత్రం మధ్యలో, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌నో ఎస్‌వీఎన్‌నో (సబ్‌వెర్షన్) పిలుస్తుంది. పిలుపు అందుకోవాల్సిన మనిషి ఊళ్లో ఉండడు. అక్కడ కొన్ని స్క్రిప్టులు ఆగిపోతాయి. కొన్ని ఆగకుండా పోయి అంతకంటే పెద్ద తప్పు చేస్తాయి. ఇరవై రెండేళ్లుగా బిల్డులు, రిలీజులే నా బతుకుతెరువు కాబట్టి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను. కమాండ్లను పలికినట్టే రాస్తున్నాను, టెర్మినల్లో మీరు మామూలుగా ఇంగ్లిషులోనే కొట్టుకోండి.

ప్రశ్న: మేడమ్, నేను బీటెక్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌ను గిట్‌హబ్ నుంచి జిప్ ఫైల్‌గా దించుకున్నాను. మేక్ (బిల్డ్ నడిపే కమాండ్) కొడితే "ఫేటల్: నాట్ ఎ గిట్ రిపాజిటరీ" అని ఒక లైను వస్తుంది. బిల్డ్ మాత్రం చివరిదాకా వెళ్తుంది, ప్రోగ్రామ్ కూడా నడుస్తోంది. కానీ వెర్షన్ ఎంత అని అడిగితే ఖాళీ లైను చూపిస్తోంది. గిట్ ఇన్‌స్టాల్ చేశాను, అయినా అంతే. నేనెక్కడ తప్పు చేశాను?
- ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: నీ తప్పేం లేదు తమ్ముడూ. పురోహితుడు వచ్చాడు కానీ పంచాంగం తేలేదు, అంతే. గిట్ అనే ప్రోగ్రామ్ ఇప్పుడు నీ దగ్గర ఉంది. అది చదవాల్సిన చరిత్ర మాత్రం లేదు. ఆ చరిత్ర అంతా డాట్ గిట్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. గిట్‌హబ్ ఇచ్చే జిప్‌లో ఆ ఫోల్డర్ రాదు. ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో అవి మాత్రమే వస్తాయి. వెర్షన్ ఎంత అని స్క్రిప్ట్ "గిట్ డిస్క్రైబ్"ను అడిగితే అది చరిత్ర వెతికి, దొరక్క, నువ్వు చూసిన ఆ ఫేటల్ లైను రాసింది.

మరి ఫేటల్ అన్నాక కూడా బిల్డ్ ఎందుకు ఆగలేదు? మేక్‌ఫైల్ తెరిచి చూడు. పైభాగంలో ఎక్కడో వెర్షన్ అనే వేరియబుల్‌కి డాలర్ గుర్తు, బ్రాకెట్‌లో షెల్ గిట్ డిస్క్రైబ్ అని రాసి ఉంటుంది. మేక్‌లోని ఈ షెల్ అనే ఫంక్షన్ కమాండ్ ఏం ప్రింట్ చేసిందో అది తీసుకుంటుంది, కమాండ్ గెలిచిందా ఓడిందా అన్నది పట్టించుకోదు. ఓడిపోయిన కమాండ్ అవుట్‌పుట్‌గా ఏమీ ఇవ్వదు కాబట్టి వేరియబుల్ ఖాళీగా మిగిలింది, ఆ ఖాళీయే నీ ప్రోగ్రామ్‌లోకి ఎక్కింది. 2016లో వచ్చిన గ్నూ మేక్ 4.2 నుంచి డాట్ షెల్‌స్టేటస్ అని ఒక వేరియబుల్ ఉంది, కమాండ్ ఓడిందో లేదో అందులో తెలుస్తుంది. కానీ దాన్ని చూసే మేక్‌ఫైళ్లు నాకు తారసపడింది చాలా తక్కువ.

నీ పని ఇవాళే గడవాలంటే రెండు దార్లు. జిప్ పక్కన పడేసి గిట్ క్లోన్‌తో తెచ్చుకో. లేదా మేక్ కొట్టేటప్పుడే పక్కన వెర్షన్ ఈక్వల్స్ అని నంబరు ఇవ్వు. కమాండ్ లైన్‌లో ఇచ్చిన విలువ మేక్‌ఫైల్‌లో ఉన్నదాని మీద గెలుస్తుంది.

అసలు మందు వేయాల్సింది ఆ ప్రాజెక్టు వాళ్లు. దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ గిట్ సొంత సోర్సే. ఆలోచించు, గిట్ లేని మెషీన్‌లో గిట్‌ను కంపైల్ చేయాలి. "గిట్ డిస్క్రైబ్" పిలుద్దామంటే ఆ గిట్ ఇంకా పుట్టనే లేదు! అందుకని వాళ్ల సోర్స్‌లో గిట్-వెర్షన్-జెన్ అని చిన్న స్క్రిప్ట్ ఉంటుంది. అది ముందు "వెర్షన్" అనే మామూలు టెక్స్ట్ ఫైల్ ఉందా అని చూస్తుంది. ఉంటే అందులో రాసిందే వెర్షన్. రిలీజ్ టార్‌బాల్ (సోర్స్ మొత్తం కుదించిన మూట) కట్టేటప్పుడు ఆ ఫైల్ లోపల పెట్టేస్తారు. ఫైల్ లేదు, రిపో (చరిత్రతో ఉన్న ఫోల్డర్) ఉంది అంటే గిట్ డిస్క్రైబ్‌ను అడుగుతుంది. అదీ కుదరకపోతే స్క్రిప్ట్‌లోనే రాసి పెట్టిన ఒక నంబరు తీసుకుంటుంది. వరుస గమనించావా, ఫైల్ ముందు, గిట్ తర్వాత. చాలామంది దీన్ని తిరగేసి రాస్తారు. గ్నూ ప్రాజెక్టుల్లో కూడా ఇదే పద్ధతి, అక్కడ ఆ ఫైల్ పేరు డాట్ టార్‌బాల్-వెర్షన్.

మా నాన్న తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా చేసేవాడు. ఏ పుస్తకమైనా లోపలి పేజీలో "ప్రథమ ముద్రణ", సంవత్సరం, "ప్రతులు: 1000" అని ఉంటుంది కదా, ఆ పేజీ అక్షరాలు పేర్చడంలో ఆయనకి ఎంత శ్రద్ధో. ఆ పుస్తకం ఏ ఊరి లైబ్రరీకి పోయినా ఆ పేజీ దాంతోనే పోతుంది. ఇది ఎన్నో ముద్రణ అని తెలుసుకోవడానికి ఎవరూ తెనాలికి ఫోన్ చేయరు. నీ ప్రాజెక్టు వాళ్లు చేస్తున్నది మాత్రం ప్రతి పాఠకుడి చేతా ప్రెస్సుకి ఫోన్ చేయించడమే.

జిప్ దించుకునేవాళ్ల కోసం గిట్‌లో ఒక ఏర్పాటు కూడా ఉంది. డాట్ గిట్‌ఆట్రిబ్యూట్స్ అనే ఫైల్‌లో ఒక ఫైల్ పేరు రాసి పక్కన ఎక్స్‌పోర్ట్-సబ్‌స్ట్ అని పెట్టాలి. ఆ ఫైల్ లోపల డాలర్, ఫార్మాట్, కోలన్, పర్సెంట్, పెద్ద హెచ్, మళ్లీ డాలర్ రాయాలి. గిట్ ఆర్కైవ్‌తో జిప్ కట్టినప్పుడు ఆ చోట కమిట్ (చరిత్రలో నమోదైన ఒక మార్పు) నంబరు వచ్చి కూర్చుంటుంది. 2021లో వచ్చిన గిట్ 2.32 నుంచి హెచ్ బదులు డిస్క్రైబ్ అని కూడా రాయొచ్చు, అప్పుడు ట్యాగ్ (ఒక కమిట్‌కి పెట్టిన వెర్షన్ పేరు) వస్తుంది. నువ్వే ఈ రెండు లైన్ల మార్పు చేసి ఆ ప్రాజెక్టుకి పంపు. ఉద్యోగం ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి కథ దొరకదు.

ఇంకో సంగతి. ఖాళీ లైను వచ్చినందుకు నువ్వు సంతోషించాలి. అదే జిప్‌ను నీ సొంత ప్రాజెక్టు రిపోలోపల విప్పి ఉంటే? తాను నడుస్తున్న ఫోల్డర్‌లో చరిత్ర దొరక్కపోతే గిట్ పై ఫోల్డర్‌కి, అక్కడా లేకపోతే ఆ పైదానికి వెళ్లి వెతుకుతుంది. నీ ప్రాజెక్టు చరిత్ర దొరికేది. నీ వెర్షన్ నంబరు తీసుకెళ్లి వాళ్ల ప్రోగ్రామ్‌కి తగిలించేది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, నంబరు మాత్రం పక్కింటివాళ్లది. అందుకే స్క్రిప్ట్ రాసేటప్పుడు "గిట్ రెవ్-పార్స్ షో-టాప్‌లెవెల్" అని అడిగి, వచ్చిన దారి (పాత్) మన ప్రాజెక్టు ఫోల్డరేనా అని పోల్చుకోవాలి. డాట్ గిట్ ఉందా లేదా అని డ్యాష్-డీతో (ఆ పేరుతో ఫోల్డర్ ఉందా అనే పరీక్ష) చూసినా మోసపోతావు. సబ్‌మాడ్యూల్‌లోనూ (రిపో లోపల ఇమిడిన ఇంకో రిపో), గిట్ వర్క్‌ట్రీలోనూ (అదే రిపోకి ఇంకో పని ఫోల్డర్) డాట్ గిట్ ఫోల్డర్ కాదు, ఒక చిన్న ఫైల్. ఫోల్డరైనా ఫైలైనా పట్టుకునే డ్యాష్-ఈతో చూడాలి.

ప్రశ్న: స్క్రిప్ట్ మొదటి లైన్లోనే "కమాండ్ డ్యాష్-వీ గిట్" అని పరీక్ష పెట్టాను, గిట్ లేకపోతే అక్కడే ఆపేస్తుంది. మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి మ్యాక్‌లో ఆ పరీక్ష పాసవుతోంది, తర్వాతి లైన్లో గిట్ పనిచేయడం లేదు. ఇదేం మాయ?
- ఒక డెవలపర్, విజయవాడ

జవాబు: మాయేం లేదండీ. మ్యాక్‌లో యూఎస్ఆర్ బిన్‌లో గిట్ అనే పేరుతో ఒక ఫైల్ ముందు నుంచే ఉంటుంది. అది అసలు గిట్ కాదు, గుమాస్తా. పిలిస్తే ఎక్స్‌కోడ్ కమాండ్ లైన్ టూల్స్ ఎక్కడున్నాయో వెతికి, అక్కడి గిట్‌కి పని అప్పగిస్తుంది. ఆ టూల్స్ లేకపోతే ఇన్‌స్టాల్ చేస్తారా అని పెట్టె చూపిస్తుంది, లేదా "ఇన్‌వ్యాలిడ్ యాక్టివ్ డెవలపర్ పాత్" అని తిడుతుంది. మ్యాక్ ఓఎస్ అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు ఈ తిట్టు తినని మ్యాక్ వాళ్లు అరుదు. పేరు ఉందా అని చూడకండి, "గిట్ డ్యాష్ డ్యాష్ వెర్షన్" నడిపి అది సున్నాతో (అంటే గెలుపుతో) ముగిసిందా అని చూడండి. ఆ అమ్మాయిని "ఎక్స్‌కోడ్-సెలెక్ట్ డ్యాష్ డ్యాష్ ఇన్‌స్టాల్" కొట్టమనండి, సరిపోతుంది.

ప్రశ్న: గిట్ దొరక్కపోతే మా స్క్రిప్ట్ వెర్షన్‌గా "అన్‌నోన్" అని పెట్టేసి ముందుకు పోతుంది. రివ్యూలో ఒకతను దీని మీద పెద్ద రాద్ధాంతం చేశాడు. బిల్డ్ ఆగకుండా ఉండటమే కదా ముఖ్యం? ఒక్క నంబరు కోసం పని ఆపుకుంటామా?
- ఒక టీమ్ లీడ్, హైదరాబాద్

జవాబు: ఆ రాద్ధాంతం చేసినతనికి నా తరఫున ఒక టీ ఇప్పించండి. మీలాగే నేనూ అనుకునేదాన్ని, 2008 దాకా.

అప్పుడు నేను పనిచేసిన కంపెనీలో సోర్స్ అంతా సబ్‌వెర్షన్‌లో ఉండేది. బిల్డ్ స్క్రిప్ట్ "ఎస్‌వీఎన్‌వెర్షన్" అనే కమాండ్ నడిపి, వచ్చిన నంబరును అబౌట్ బాక్సులో పెట్టేది. ప్రతి ఫోల్డర్‌లోనూ ఉండే డాట్ ఎస్‌వీఎన్ ఫోల్డర్లు ప్యాకేజీలోకి చొరబడుతున్నాయని, ఒక శుక్రవారం సాయంత్రం స్క్రిప్ట్ మార్చాను. ముందు సోర్స్‌ను శుభ్రంగా వేరే చోటికి ఎస్‌వీఎన్ ఎక్స్‌పోర్ట్ చేయడం, అక్కడ బిల్డ్ చేయడం. బిల్డ్ పచ్చగా వచ్చింది. ఇంటికెళ్లిపోయాను.

ఎక్స్‌పోర్ట్ చేసిన ఫోల్డర్‌లో చరిత్ర ఉండదు. అలాంటి చోట ఎస్‌వీఎన్‌వెర్షన్ ఆ రోజుల్లో ఏం చేసేదంటే, ఎర్రర్ ఇచ్చేది కాదు. "ఎక్స్‌పోర్టెడ్" అని ఒక్క మాట ప్రింట్ చేసి, అంతా సవ్యం అన్నట్టు సున్నాతో ముగిసేది. మా స్క్రిప్ట్‌కి అదే నంబరు. అబౌట్ బాక్సులో 3.2 పక్కన చుక్క, దాని పక్కన ఎక్స్‌పోర్టెడ్. అలాగే సీడీలు వెళ్లిపోయాయి.

రెండు వారాల తర్వాత కోయంబత్తూరు నుంచి ఒక కస్టమర్ సపోర్ట్‌కి ఫోన్ చేశాడు. "ఇది ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ సరుకా? మేం కొన్నది లోకల్ రేటుకే కదా, పొరపాటున పంపారా? వాపసు ఇవ్వమంటారా?" అని. పాపం, నిజాయితీపరుడు. ఆఫీసంతా పడి పడి నవ్వింది, నాతో సహా. ఆ నవ్వు మూడు రోజులుంది. నాలుగో రోజు ఇంకో కస్టమర్ నుంచి క్రాష్ రిపోర్ట్ వచ్చింది. ఏ రివిజన్ అని చూస్తే అక్కడా ఎక్స్‌పోర్టెడ్. ఆ శుక్రవారం ఒక్క పూటలో ట్రంక్‌లోకి (ముఖ్యమైన కోడ్ శాఖ) డజనుకి పైగా మార్పులు పడ్డాయి. ఏ మార్పు లోపలుందో, ఏది బయటుందో తెలియక ముగ్గురం రెండు రోజులు కూర్చుని ఒక్కో రివిజన్ మళ్లీ బిల్డ్ చేసి, వాళ్ల డీఎల్‌ఎల్ ఫైళ్లతో పోల్చి చూశాం. మా మేనేజర్ ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

కాబట్టి లీడ్ గారూ, అన్‌నోన్ అనే మాట మీద నాకు కోపం లేదు, అది ఎక్కడ పడుతుందన్న దాని మీదే. ఎవరో తన ల్యాప్‌టాప్‌లో సరదాగా బిల్డ్ చేసుకుంటున్నప్పుడు గిట్ లేదని ఆపడం మొండితనం. అక్కడ అన్‌నోన్ పెట్టండి, పసుపు రంగులో ఒక హెచ్చరిక లైను వేయండి, వదిలేయండి. కస్టమర్‌కి వెళ్లే బిల్డ్‌లో మాత్రం నంబరు లేకపోతే స్క్రిప్ట్ ఆగి తీరాలి. రెండింటికీ తేడా తెలియడానికి రిలీజ్ అని ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చాలు. ఆగేదేదో మొదటి పది సెకన్లలో ఆగాలి. నలభై నిమిషాలు కంపైల్ చేశాక ప్యాకేజీ కట్టే మెట్టు దగ్గర గిట్ లేదని చెప్తే వినేవాడికి ఒళ్లు మండుతుంది.

ఆగినప్పుడు చెప్పే మాట కూడా ముఖ్యమే. "గిట్ ఎర్రర్" అని వదిలేస్తే ఉపయోగం లేదు. గో భాష వాళ్లను చూడండి. 2022లో వచ్చిన గో 1.18 నుంచి బిల్డ్ చేసిన ఫైల్‌లోకి వెర్షన్ కంట్రోల్ వివరాలు తనంతట తనే ఎక్కిస్తుంది. ఆ వివరాలు తీయబోయి గిట్ ఓడిపోతే "ఎర్రర్ అబ్‌టెయినింగ్ వీసీఎస్ స్టేటస్" అని చెప్పి, ఇది వద్దనుకుంటే బిల్డ్‌వీసీఎస్ ఈక్వల్స్ ఫాల్స్ పెట్టుకో అని ఆ కింది లైన్లోనే దారి చూపిస్తుంది. పైథాన్‌లో సెటప్‌టూల్స్-ఎస్‌సీఎం కూడా అంతే, వెర్షన్ దొరకలేదని చెప్పి, ప్రిటెండ్-వెర్షన్ అనే వేరియబుల్‌తో చేత్తో ఇవ్వొచ్చని చెప్తుంది. ఏం కావాలి, ఎందుకు దొరకలేదు, ఇప్పుడేం చేయాలి. ఈ మూడూ ఒక్క లైన్లో పడతాయి.

బ్యాష్ వాడేవాళ్లకి ఒక ఉచ్చు కూడా చూపించాలి. పైన సెట్ డ్యాష్-ఈ పెట్టాం కదా, ఓడితే ఆగుతుందిలే అనుకుంటాం. ఫంక్షన్ లోపల "లోకల్ వెర్షన్ ఈక్వల్స్ డాలర్ గిట్ డిస్క్రైబ్" అని ఒకే లైన్లో రాస్తే ఆగదు. బ్యాష్ చూసేది లోకల్ అనే కమాండ్ గెలిచిందా అని, అది ఎప్పుడూ గెలుస్తుంది. ఎక్స్‌పోర్ట్‌కీ ఇదే గతి. ఒక లైన్లో లోకల్ అని పేరు చెప్పి, తర్వాతి లైన్లో విలువ ఇవ్వండి.

ప్రశ్న: అక్కా, మా డాకర్ (కంటైనర్లు కట్టే టూల్) బిల్డ్‌లో పిప్ (పైథాన్ ప్యాకేజీలు తెచ్చే టూల్) "కెనాట్ ఫైండ్ కమాండ్ గిట్" అని ఆగిపోతోంది. బేస్ ఇమేజ్ పైథాన్ స్లిమ్. గిట్ లేకపోతే స్క్రిప్టే యాప్ట్‌తో ఇన్‌స్టాల్ చేసుకునేలా రాయమని మా సీనియర్ అంటున్నాడు. ఇంకొకాయన వద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?
- ఒక ఉద్యోగిని, బెంగళూరు

జవాబు: వద్దన్నాయన మాట విను చెల్లీ. భోజనానికి పిలిస్తే వచ్చి, వంటింట్లోకి దూరి గ్యాస్ బండ మార్చే చుట్టం లాంటిది ఆ స్క్రిప్ట్. ఉబుంటులో యాప్ట్, ఫెడోరాలో డీఎన్‌ఎఫ్, ఆల్పైన్‌లో ఏపీకే. ఒకచోట సుడో ఉండదు, ఇంకోచోట నెట్ ఉండదు. ఆరు నెలలకి ఆ స్క్రిప్ట్‌లో బిల్డ్ కంటే ఇన్‌స్టాల్ లైన్లే ఎక్కువవుతాయి. మెషీన్‌లో ఏముండాలో చెప్పే చోటు డాకర్‌ఫైల్. స్క్రిప్ట్ పని ఉందా లేదా చూసి చెప్పడం వరకే.

నీ గొడవ ఎక్కడిదంటే, రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో ఏదో ఒక లైను "గిట్ ప్లస్ హెచ్‌టీటీపీఎస్" అని మొదలవుతోంది. దాన్ని తేవడానికి పిప్‌కి గిట్ కావాలి. పెద్ద పైథాన్ ఇమేజ్‌లో గిట్ ఉంటుంది, స్లిమ్‌లో తీసేశారు. అందుకే నిన్నటిదాకా నడిచింది, ఇమేజ్ బరువు తగ్గించాలని ఎవరో స్లిమ్‌కి మార్చగానే ఆగింది. రెండు స్టేజీల డాకర్‌ఫైల్ రాసుకో. మొదటి స్టేజీలో గిట్ ఇన్‌స్టాల్ చేసి వీల్ ఫైళ్లు (సిద్ధంగా కట్టిన పైథాన్ ప్యాకేజీలు) కట్టు, రెండో స్టేజీలోకి ఆ వీల్స్ మాత్రం కాపీ చెయ్యి. బయటికెళ్లే ఇమేజ్ సన్నగానే ఉంటుంది. ఆ లైన్ చివర బ్రాంచ్ పేరు ఉంటే తీసేసి పూర్తి కమిట్ నంబరు పెట్టు.

గిట్ లేకుండా ఆర్కైవ్ జిప్ లింకు పెట్టుకోవచ్చు కదా అని సీనియర్ అడగొచ్చు. పెట్టుకోవచ్చు. కానీ ఆ జిప్‌కో టార్‌బాల్‌కో చెక్‌సమ్ (ఫైల్ బైట్ల నుంచి లెక్కగట్టే సరిచూపు నంబరు) రాసి పెట్టుకుంటే మాత్రం 2023 జనవరి 30 గుర్తుంచుకోండి. ఆ రోజు గిట్‌హబ్‌లో ఆర్కైవ్ కుదించే పద్ధతి మారింది. లోపలి ఫైళ్లు అవే, బయటి బైట్లు వేరు. ప్రపంచమంతా చెక్‌సమ్ సరిపోలక బిల్డులు పడిపోయాయి, వాళ్లు ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. నమ్మకమైన చెక్‌సమ్ కావాలంటే ప్రాజెక్టు వాళ్లు స్వయంగా అప్‌లోడ్ చేసిన రిలీజ్ ఫైల్ తీసుకోవడం మేలు.

ఇక డాకర్ లోపల మీ సొంత కోడ్ వెర్షన్ సంగతి. డాట్ డాకర్‌ఇగ్నోర్‌లో డాట్ గిట్ ఉంటే లోపల చరిత్ర ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. బయట గిట్ డిస్క్రైబ్ నడిపి, ఆ నంబరును బిల్డ్-ఆర్గ్‌గా లోపలికి పంపు. ఫోల్డర్‌ను మౌంట్ చేసి లోపలే అడిగితే ఇంకో తంటా ఉంది. 2022 ఏప్రిల్‌లో భద్రత కోసం గిట్ 2.35.2 ఒక నియమం తెచ్చింది. ఫోల్డర్ సొంతదారు వేరు, గిట్ నడుపుతున్న యూజర్ వేరు అయితే గిట్ ఒప్పుకోదు. ఇప్పటి వెర్షన్లలో ఆ ఎర్రర్ "డిటెక్టెడ్ డ్యూబియస్ ఓనర్‌షిప్" అని వస్తుంది. కంటైనర్‌లో నువ్వు రూట్, బయట ఫోల్డర్ నీ యూజర్‌ది, కాబట్టి ఇది రావడం మామూలే. గిట్ కాన్ఫిగ్‌లోని సేఫ్ డాట్ డైరెక్టరీలో ఆ ఒక్క దారి చేర్చు. నక్షత్రం గుర్తు పెట్టి అన్నిటికీ తలుపులు తెరవమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. పని కాగానే పోయే కంటైనర్‌లో అయితే సరే, నీ ల్యాప్‌టాప్ గ్లోబల్ కాన్ఫిగ్‌లో మాత్రం పెట్టకు.

మీ స్క్రిప్ట్‌లో గిట్ లైన్ చివర ఎర్రర్లను డెవ్ నల్‌లోకి (ఏం వేసినా మాయమయ్యే చోటు) తోసేసి ఉంటే అది ముందు తీసెయ్యి. గిట్ లేకపోవడం, చరిత్ర లేకపోవడం, సొంతదారు తేడా, ఈ మూడు జబ్బులకీ మందులు వేరు. డెవ్ నల్‌లో పడ్డాక మూడూ ఒకేలా కనిపిస్తాయి.

ప్రశ్న: లోకల్‌గా వెర్షన్ సరిగ్గా వస్తోంది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో మాత్రం "నో నేమ్స్ ఫౌండ్, కెనాట్ డిస్క్రైబ్ ఎనీథింగ్" అంటోంది. గిట్ ఉంది, రిపో కూడా ఉంది.
- ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఉన్నది రిపో తోక మాత్రమే. అక్కడి చెక్‌అవుట్ యాక్షన్ మామూలుగా ఆఖరి కమిట్ ఒక్కటే తెస్తుంది, పాత ట్యాగులు రావు. ట్యాగ్ లేనిదే డిస్క్రైబ్‌కి చెప్పడానికి పేరేదీ ఉండదు. ఫెచ్-డెప్త్ సున్నా పెట్టండి. స్క్రిప్ట్‌లో ముందే పట్టుకోవాలంటే "గిట్ రెవ్-పార్స్ ఈజ్-షాలో-రిపాజిటరీ" అని అడగండి, ట్రూ అంటే చరిత్ర తెగి ఉందని అర్థం.

ప్రశ్న: క్లోన్ చేశాను. లిబ్స్ ఫోల్డర్ ఉంది, లోపల ఏమీ లేదు. సీమేక్ (బిల్డ్ ఏర్పాటు చేసే టూల్) ఆ ఫోల్డర్‌లో సీమేక్‌లిస్ట్స్ ఫైల్ లేదంటోంది.
- ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అది సబ్‌మాడ్యూల్. మామూలు క్లోన్ దాని చోటు మాత్రమే ఉంచుతుంది, సరుకు తేదు. "గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ ఇనిట్ రికర్సివ్" కొట్టండి. గిట్‌హబ్ జిప్‌లో అయితే ఇవి అసలే ఉండవు, అక్కడ ఈ కమాండ్ కూడా పనిచేయదు. స్క్రిప్ట్ రాసేవాళ్లకి ఒక మాట: ఫోల్డర్ ఉందా అని పరీక్షిస్తే ఎప్పుడూ ఉందనే వస్తుంది. లోపలి ఒక ఫైల్ పేరు పెట్టి అడగండి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌ని. ల్యాబ్ కోసం ఏడేళ్ల కిందట రాసుకున్న బిల్డ్ స్క్రిప్ట్ ఒకటి ఉంది. గిట్‌హబ్‌లోని ఒక పెద్ద ప్రాజెక్టు నుంచి ఒక్క ఫోల్డర్ మాత్రం ఎస్‌వీఎన్ ఎక్స్‌పోర్ట్‌తో తెచ్చుకునేవాళ్లం. రెండేళ్లు ఆ ల్యాబ్ పెట్టలేదు. ఇప్పుడు నడిపితే కొన్ని మెషీన్లలో ఎస్‌వీఎన్ లేదంటోంది, ఉన్నచోట సర్వర్ ఒప్పుకోవడం లేదు. పైగా ల్యాబ్‌లో నెట్ వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు. అరవై మంది పిల్లలు.
- ఒక అధ్యాపకుడు, హన్మకొండ

జవాబు: మాస్టారూ, మెషీన్లలో ఎస్‌వీఎన్ ఇన్‌స్టాల్ చేయించే శ్రమ పెట్టుకోకండి, దాంతో పని జరగదు. గిట్‌హబ్ 2024 జనవరి 8న సబ్‌వెర్షన్ సేవ ఆపేసింది. దారిలో ట్రంక్ అని పెట్టి ఒక్క ఫోల్డర్ లాక్కొచ్చే ఆ చిట్కా చాలామంది స్క్రిప్టుల్లో ఉండేది, నావాటిల్లో కూడా రెండు చోట్ల. ఇప్పుడు ఆ పని గిట్‌తోనే అవుతుంది. క్లోన్ కొట్టేటప్పుడు డెప్త్ 1, ఫిల్టర్ ఈక్వల్స్ బ్లాబ్ కోలన్ నన్, స్పార్స్ అనే మూడు ఆప్షన్లు ఇవ్వండి. తర్వాత ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి "గిట్ స్పార్స్-చెక్‌అవుట్ సెట్" అని, మీకు కావాల్సిన సబ్‌ఫోల్డర్ పేరు రాయండి. గిట్ 2.25 గానీ ఆ తర్వాతిది గానీ ఉండాలి, అది 2020 జనవరిది.

పాత స్క్రిప్ట్ అంటున్నారు కాబట్టి మిగతా లైన్లు కూడా ఒకసారి కళ్లతో చూడండి. గిట్ కోలన్ రెండు స్లాష్‌లతో మొదలయ్యే గిట్‌హబ్ దారులు 2022 మార్చిలో మూతపడ్డాయి, వాటిని హెచ్‌టీటీపీఎస్‌కి మార్చాలి. బిట్‌బకెట్ దారిలో మెర్క్యూరియల్ పిలుస్తున్న లైను ఉంటే అది 2020 జులైతో పోయింది. గూగుల్ కోడ్ పేరు కనిపిస్తే 2016లోనే మూసేశారు, దాని ఆర్కైవ్ మాత్రం ఉంది. ఎక్కడా దొరకని పాత సోర్స్‌కి సాఫ్ట్‌వేర్ హెరిటేజ్‌లో వెతకండి. ఫ్రాన్స్‌లోని ఇన్రియా సంస్థ 2016లో మొదలుపెట్టిన భాండాగారం అది, మూతపడిన చోట్ల నుంచి కూడా కోడ్ తెచ్చి దాస్తారు.

కానీ అరవై మంది, ఆడుతూ ఆగుతూ వచ్చే నెట్ అంటే, నన్నడిగితే ల్యాబ్ రోజున ఏ స్క్రిప్టూ బయటికి పోకూడదు. ఆ ఫోల్డర్ చిన్నదైతే, లైసెన్స్ ఒప్పుకుంటే, మీ ల్యాబ్ రిపోలోనే కాపీ పెట్టేయండి. పక్కన చిన్న ఫైల్‌లో ఎక్కడి నుంచి తెచ్చారు, ఏ కమిట్, ఏ తేదీ రాయండి. ఆ లైసెన్స్ ఫైల్ కూడా ఉంచండి. సీమేక్ వాడుతూ ఉండి దాని ఫెచ్‌కంటెంట్ (లైబ్రరీలు దించుకునే భాగం) నెట్ కోసం వెళ్తుంటే, ఫెచ్‌కంటెంట్-సోర్స్-డిర్ అని మొదలయ్యే వేరియబుల్ చివర ఆ లైబ్రరీ పేరు పెద్ద అక్షరాల్లో చేర్చి, మీ లోకల్ ఫోల్డర్ దారి ఇవ్వండి. అది ఇక బయటికి చూడదు.

పిల్లలకి చరిత్రతో సహా పూర్తి రిపో ఇవ్వాలనుకుంటే గిట్‌లో బండిల్ అని ఉంది, పాపం ఎవరూ వాడరు. ఇంట్లో నెట్ బాగున్నప్పుడు పూర్తిగా క్లోన్ చేసుకోండి, పైన చెప్పిన డెప్త్, ఫిల్టర్ ఆప్షన్లు లేకుండా. తర్వాత "గిట్ బండిల్ క్రియేట్ ల్యాబ్ డాట్ బండిల్ డ్యాష్ డ్యాష్ ఆల్" కొట్టండి. రిపో మొత్తం ఒకే ఫైల్ అవుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి ల్యాబ్ సర్వర్ షేర్‌లో పెట్టండి. పిల్లలు గిట్ క్లోన్ తర్వాత వెబ్ అడ్రస్ బదులు ఆ ఫైల్ దారి ఇస్తే చాలు, ట్యాగులతో సహా వస్తుంది. డిస్క్రైబ్ కూడా సరిగ్గా పలుకుతుంది. ఒకటే జాగ్రత్త, సబ్‌మాడ్యూళ్లు ఉంటే ఒక్కోదానికి వేరే బండిల్ కట్టాలి. ముందురోజు సాయంత్రం ఒక మెషీన్‌కి నెట్ వైరు పీకేసి, స్క్రిప్ట్ మొదటి నుంచి చివరిదాకా మీరే ఒకసారి నడిపి చూడండి. ఎక్కడైనా బయటికి చేయి చాస్తుంటే అప్పుడే కనిపిస్తుంది. అది ఏ లైన్లో ఆగిందో రాసి పంపితే వచ్చే నెల చూద్దాం.